కంది వేసినవాడు తప్పు చేశాడా?

2015 దసరా రోజుల్లో కిలో కందిపప్పు 200 రూపాయలకు చేరింది. హోటళ్ళలో సాంబారు పలచబడింది. మా ఇంట్లో ముద్దపప్పు, ఆవకాయ ఆదివారాలకే పరిమితమైంది. కారణం అందరికీ తెలిసిందే. దేశం మొత్తమ్మీద నైరుతి వానలు 2014లో మామూలు కంటే 12 శాతం, 2015లో 14 శాతం తక్కువ పడ్డాయి. కంది చాలావరకు వర్షాధారంగా పండే పంట. వాన తగ్గితే పంట తగ్గుతుంది, పంట తగ్గితే ధర పెరుగుతుంది. ఇంతవరకు లెక్క సూటిగానే ఉంది.

లెక్క తప్పింది మరుసటి ఏడాది.

2016 వానాకాలానికి ముందు తెలంగాణ ప్రభుత్వం రైతులకు ఒక సలహా ఇచ్చింది: పత్తి తగ్గించండి, కంది, పెసర లాంటి పప్పు పంటలకు మళ్ళండి. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? పప్పుకు దేశమంతా కటకటగా ఉంది. కంది నేలకు నత్రజనిని తిరిగి ఇస్తుంది, పత్తి అడిగినన్ని పురుగుమందులు అడగదు. కేంద్రం కూడా కంది మద్దతు ధరను బోనస్‌తో కలిపి క్వింటాలుకు 4,625 రూపాయల నుంచి 5,050కి పెంచింది. అంతకు కొద్ది నెలల ముందే బయటి మార్కెట్లో దానికి రెట్టింపు పలికిన పంట అది. ఆ జూన్‌లో రచ్చబండ మీద ఎవరిని అడిగినా కందే వెయ్యమనేవారు.

చాలామంది వేశారు. తెలంగాణలో పత్తి విస్తీర్ణం లక్షల ఎకరాలు తగ్గింది, కంది పెరిగింది. పక్కన కలబురగిలోనూ, మరాఠ్వాడా, విదర్భల్లోనూ రైతులకు అదే ఆలోచన వచ్చింది. వాళ్ళూ అదే ధర చూశారు మరి. ఆ ఏడాది వాన మామూలులో 97 శాతం పడింది. 2015-16లో 25.6 లక్షల టన్నులుగా ఉన్న దేశపు కంది దిగుబడి 2016-17లో 48.7 లక్షల టన్నులకు ఎగబాకింది. దీనికి ఇంకో మూడు వచ్చి కలిశాయి. పప్పు ధర మండుతున్నప్పుడే, 2016 జూలైలో, కేంద్రం మొజాంబిక్‌తో దిగుమతి ఒప్పందం చేసుకుంది. మయన్మార్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చే సరుకు ఎలాగూ ఉంది. రెండోది, 2006లో పెట్టిన పప్పుల ఎగుమతి నిషేధాన్ని ఎవరూ తీయలేదు, కాబట్టి మిగిలిన కంది బయటికి పోయే దారి లేదు. మూడోది నవంబరు 8 రాత్రి జరిగింది. పెద్ద నోట్లు రద్దయ్యాయి, పంట కోతకు వచ్చేసరికి మార్కెట్ యార్డుల్లో వ్యాపారుల చేతిలో రొక్కం లేదు.

2017 మొదటి నెలల్లో కంది క్వింటాలు 4 వేల చుట్టుపక్కలకు పడిపోయింది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల ముందు బస్తాల బారులు. సలహా పెడచెవిన పెట్టి పత్తి వేసినవాళ్ళకేమో, 4,160 మద్దతు ధర ఉన్న పత్తికి 5 వేలు దాటి వచ్చింది. సరే, బుద్ధొచ్చిందనుకుని 2017లో జనం మళ్ళీ పత్తికి మళ్ళారు. ఆ సీజన్లోనే గులాబీ రంగు పురుగు తెలంగాణ, మహారాష్ట్ర పత్తి చేలను తొలిచేసింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. 2016 జూన్‌లో కంది విత్తిన రైతు తప్పు చేశాడా?

ఫలితం చూసి చెప్పమంటే, చేశాడు. ఆ జూన్‌లో అతనికి తెలిసినవాటిని బట్టి చెప్పమంటే, అంతకంటే మంచి నిర్ణయం దొరకడం కష్టం. అలాగే ఆ ఏడాది పత్తి వేసినవాడు తెలివైనవాడా? కొందరు ఆలోచించే వేసి ఉండవచ్చు. చాలామంది మాత్రం విత్తనాలు అప్పటికే కొనేసినందుకో, అలవాటు కొద్దీనో వేశారని నా అనుమానం. కానీ డబ్బు చేతికొచ్చాక ఆ అలవాటుకే ముందుచూపు అని పేరు వస్తుంది. మనం రోజూ చేసే పనే ఇది. ఫలితాన్ని తక్కెడలో వేసి నిర్ణయాన్ని తూస్తాం. ఫలితం నిర్ణయం నుంచి మాత్రమే పుడితే ఆ తూకం సరైనదే. అది ఇంకెన్నింటి నుంచో పుడుతున్నప్పుడు ఆ తక్కెడ దొంగ తక్కెడ.

ఫలితాన్ని ముందే ఎందుకు చెప్పలేం అన్నదానికి చాలామందికి గుర్తొచ్చే కథ సీతాకోక చిలుకది. అమెరికాలో ఎంఐటీలో పనిచేసే వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ 1961లో తన కంప్యూటర్లో ఒక చిన్న నమూనా వాతావరణాన్ని నడిపించేవాడు. ఒకరోజు పాత లెక్కను మధ్య నుంచి మళ్ళీ మొదలుపెట్టాలనుకున్నాడు. అచ్చయిన కాగితం మీద ఉన్న అంకెను, 0.506ని, ఎక్కించి కాఫీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కొత్త వాతావరణానికీ పాతదానికీ పోలికే లేదు. యంత్రం ఏమీ చెడిపోలేదు. దాని లోపల ఉన్న అసలు అంకె 0.506127, కాగితం మీద జాగా చాలక మూడు స్థానాలే అచ్చయ్యాయి. నాలుగు వేలలో ఒక వంతు తేడా రెండు నెలల నమూనా వాతావరణంలో పెరిగి పెరిగి మొత్తాన్ని మింగేసింది. 1963లో ఆయన దీన్ని వ్యాసంగా ప్రచురించాడు. బ్రెజిల్‌లో సీతాకోక చిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుందా అన్న ప్రశ్న 1972లో ఆయన ప్రసంగానికి పేరుగా వచ్చింది.

గమనించాల్సిందేమిటంటే లోరెంజ్ సమీకరణాల్లో అదృష్టానికి చోటే లేదు. ప్రతి అడుగూ ముందు అడుగు నుంచి ఖచ్చితంగా పుడుతుంది. కార్యకారణ సంబంధం ఎక్కడా తెగలేదు. అయినా ముందుకు చూడలేం, ఎందుకంటే మొదటి అంకె మనకు ఎప్పుడూ పూర్తిగా తెలియదు. "అంతా నియమం ప్రకారమే జరుగుతుంది", "ఏం జరుగుతుందో చెప్పలేం" అనే రెండు మాటలు ఒకేసారి నిజం కావచ్చు. కర్మ సిద్ధాంతం గురించి వాదించుకునేటప్పుడు ఇది గుర్తుంటే సగం గొడవ తగ్గుతుంది.

అయితే కంది కథకు సీతాకోక చిలుక సరిపోదు. మబ్బు వాతావరణ సూచన వినదు. రేపు వాన అని రేడియోలో చెప్పినంత మాత్రాన వాన ఆగదు, రాదు. రైతు వింటాడు. కందికి ధర ఉంటుందని చెబితే విని కంది వేస్తాడు, అందరూ వేయడంతో ధర పోతుంది. ఇక్కడ అంచనా కూడా బయట నిలబడి చూసే సాక్షి కాదు, ఫలితాన్ని తయారుచేసే కారణాల్లో అదీ ఒకటి. సలహా ఎంత మంచిదైతే అంతమంది వింటారు, ఎంతమంది వింటే అంత త్వరగా అది చెడ్డ సలహా అవుతుంది.

ఆర్థికవేత్తలు దీనికి సాలెగూడు అని పేరు పెట్టారు. నికొలస్ కాల్డోర్ 1934లో వాడిన మాట అది. ధరకూ సరుకుకూ మధ్య ఒక పంటకాలం ఎడం ఉంటుంది. రైతు చూసేది నిన్నటి ధర, అమ్మేది రేపటి ధరకు. ఈ రెంటినీ కలుపుతూ కాగితం మీద గీతలు గీస్తే సాలెగూడులా చుట్టలు చుట్టుకుంటూ పోతాయి. ఎడం ఎంత ఎక్కువైతే చిక్కు అంత ఎక్కువ. కందికి ఏడెనిమిది నెలలు. ఇంజినీరింగ్ సీటుకు నాలుగేళ్ళు! ఇది నేను సరదాకు అనడం లేదు. రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆర్థికవేత్త 1976లో అమెరికా ఇంజినీర్ల జీతాలు సరిగ్గా ఈ సాలెగూటి లెక్కలోనే తిరుగుతున్నాయని చూపించాడు. జీతాలు బాగున్న ఏడాది పిల్లలు ఎగబడి చేరతారు, వాళ్ళంతా ఒకేసారి బయటికొచ్చే ఏడాది జీతాలు పడిపోతాయి. మన ఇళ్ళల్లో కౌన్సెలింగ్ రోజుల్లో ఏ బ్రాంచి అన్నదాని మీద జరిగే చర్చ, ఆ టెన్షన్, అంతా నిన్నటి ధర చూసి రేపటి పంట వేయడమే.

ఇలాంటి మాట ఎత్తగానే ఎవరో ఒకరు "కర్మణ్యేవాధికారస్తే" అంటారు. ఎక్కువగా ర్యాంకు రానివాడి భుజం తట్టడానికి. ఓదార్పుగా అది పనికొస్తుంది, కాదనను. కానీ ఆ శ్లోకం పట్టుబడాలంటే ముందు గీతలోనే పద్దెనిమిదో అధ్యాయానికి వెళ్ళాలి. అక్కడ కృష్ణుడు ఓదార్పు మాట పక్కన పెట్టి, ఒక పని పూర్తవడానికి ఏమేం కావాలో లెక్క చెబుతాడు.

"అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్, వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్." పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, రకరకాల సాధనాలు, వేరువేరు కదలికలు, అయిదోది దైవం. శంకరుడి వ్యాఖ్యలో అధిష్ఠానమంటే శరీరం, కరణాలంటే ఇంద్రియాలు, దైవమంటే ఆ ఇంద్రియాలకు అండగా ఉండే ఆదిత్యుడు మొదలైనవారు. రామానుజుడికి దైవమంటే లోపల ఉండి నడిపించే పరమాత్మే. ఆ వ్యాఖ్యలను లాక్కొచ్చి కందిచేలో నాటడం నా ఉద్దేశం కాదు. నన్ను ఆపేది ఆ లెక్క. అయిదింటిలో "నేను" ఒక్కటి. మిగిలిన నాలుగూ నేను కాదు. రెండు శ్లోకాల తరవాత వచ్చే మాట ఇంకా కటువుగా ఉంటుంది: ఇలా ఉండగా, తానొక్కడే కర్తననుకునేవాడు దుర్మతి, వాడికి చూపు లేదు. అక్కడ బరువంతా "కేవలం" అన్న చిన్న పదం మీద ఉంది. నువ్వు కర్తవి కావని అనడం లేదు, నువ్వొక్కడివే కర్తవి కావంటున్నాడు.

ఇది ఓడినవాడికి ఎంత వర్తిస్తుందో గెలిచినవాడికీ అంతే వర్తిస్తుంది. గెలిచినవాడికి ఎవరూ ఈ శ్లోకం చెప్పరు, అదే విడ్డూరం. 2017లో పత్తి అమ్మి మీసం దువ్వినవాడికి చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఆ వానాకాలం ఉన్న ఎకరాలన్నీ పత్తి పెట్టేవాడు కాదేమో.

ఇప్పుడు "కర్మణ్యేవాధికారస్తే" ఉన్న రెండో అధ్యాయానికి వద్దాం. "అధికారం" అన్న మాట ఈనాటి తెలుగులో ఆఫీసరును, సర్కారును గుర్తుకు తెస్తుంది. కానీ వేదం చెప్పిన కర్మల అర్థాన్ని విచారించే మీమాంసకుల దగ్గర అదొక సాంకేతిక పదం. వేదం "స్వర్గం కోరేవాడు యజ్ఞం చెయ్యాలి" అంటుంది. అంటే ఆ ఫలం కావాలనుకునేవాడికే ఆ కర్మలో అధికారం. కర్మ వల్ల వచ్చే ఫలానికి యజమాని ఎవరో చెప్పే విధినే వాళ్ళు అధికార విధి అన్నారు. కర్మ మీద హక్కుకూ ఫలం మీద హక్కుకూ ముడి వేసిన మాట అది. గీత సరిగ్గా ఆ ముడి మీదే కత్తి పెట్టింది: కర్మ దగ్గరే నీ అధికారం, ఫలాల దగ్గర ఎప్పుడూ లేదు. ఆనాటి శ్రోతకు ఈ వాక్యం మనకు వినిపించినంత మెత్తగా వినిపించి ఉండదని నాకనిపిస్తుంది.

మూడో పాదం, "మా కర్మఫలహేతుర్భూః", మనం సాధారణంగా దాటేసేది. రామానుజుడు దీన్ని, ఫలానికి నువ్వు హేతువు కాదని తెలుసుకో అన్న అర్థంలో తీసుకున్నాడు. తింటే ఆకలి తీరుతుంది చూడండి, ఆ తీరడానికి కూడా నువ్వు హేతువు కాదట! మొదటిసారి చదివినప్పుడు ఇదేదో మరీ సాగదీసినట్టు అనిపించింది. తరవాత ఆలోచిస్తే, ముద్ద నోట్లో పెట్టుకోవడం వరకే నా పని, అరగడం నా చేతిలో లేదు కదా. నాలుగో పాదం చేతులు ముడుచుకు కూర్చునేవాడి కోసం: పని మానెయ్యడం మీద మోజు పెట్టుకోకు. ఫలితం చెప్పలేం కాబట్టి ఏం చేసినా ఒకటే అన్న వాదం పుట్టకముందే దానికి జవాబు రాసి పెట్టారన్నమాట.

అయితే చేసిన పని ఫలించకపోతే ఏం చెప్పాలన్న చర్చ మన దర్శనాల్లో అంత మర్యాదగా ఏమీ నడవలేదు. తర్కానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లో ఒక ఆక్షేపణ ఉంది. కొడుకు కోసం పుత్రకామేష్టి చేశారు, కొడుకు పుట్టలేదు, కాబట్టి వేదవాక్యం అబద్ధం. ఆ సూత్రాలు రాసిన గౌతముడు ఇచ్చిన జవాబు: కాదు, కర్మలోనో కర్తలోనో సాధనంలోనో లోపం ఉంది. చూడటానికి ఇది గీత లెక్కలాగే ఉంది. కారణాలు చాలా ఉన్నాయి, ఒకటి తప్పినా ఫలం తప్పుతుంది. కానీ దీన్ని వాడే తీరులో ఒక ప్రమాదం ఉంది. పని ఫలిస్తే సిద్ధాంతం గొప్ప, ఫలించకపోతే చేసినవాడిలో లోపం. ఇలాంటి జవాబును ఎవరూ ఎప్పటికీ ఓడించలేరు, కాబట్టి దాని నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. టీవీల్లో మార్కెట్ పడిపోయాక వివరించే నిపుణులు, ఎన్నికల ఫలితాలొచ్చాక కులాల లెక్కలు చెప్పేవాళ్ళు, రైతు నష్టపోయాక విత్తే పద్ధతిలో తప్పు పట్టే అధికారి, అందరూ ఈ కోవలోనివారే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

వైరాగ్యం గురించి నాకున్న పెద్ద తగాదా వేరే ఉంది. ఫలితం మీద ఆశ వదులుకొమ్మంటే, పర్యవసానాల గురించి ఆలోచించొద్దని అర్థమా? అర్జునుడి భయం అదే కదా. ఇంతమంది చచ్చాక వచ్చే రాజ్యం ఎందుకన్నాడు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఈ విషయంలో అర్జునుడి పక్షాన నిలబడ్డాడు. చేసే పని వల్ల ఏం జరుగుతుందో పట్టించుకోవడం కూడా ధర్మంలో భాగమేనని ఆయన వాదన. నాకు ఆ వాదన నచ్చుతుంది. దాన్ని ఒప్పుకోవడానికి గీతను విసిరేయాల్సిన పని కూడా లేదు. పద్దెనిమిదో అధ్యాయంలోనే తామస కర్మ అంటే ఏమిటో చెప్పిన చోట చూడండి. "అనుబంధం క్షయం హింసామనపేక్ష్య చ పౌరుషమ్." వెనకాల ఏం వస్తుందో, ఎంత నష్టమో, ఎవరికి హింసో, తన శక్తి ఎంతో చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టే పని తామసం. అంటే లెక్క వేసుకోవాల్సిందే. విత్తే ముందు వేసుకోవాలి. వేసిన లెక్క తప్పినప్పుడు దాన్ని తన మీదే కూల్చుకోవడం, ఫలించినప్పుడు తలకెక్కించుకోవడం, ఈ రెండూ వద్దంటోంది గీత. లెక్క వేయడం బుద్ధి పని, అంటిపెట్టుకోవడం ఇంకేదో.

ఇక ఈ మాట ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది కూడా చూడాలి. కౌలు రైతుకు, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడికి, "మా ఫలేషు" అని చెప్పడం క్రూరత్వం. అతని ఫలితం అతను వదులుకున్నా వడ్డీ వదలదు. నిబ్బరం ఊరికే రాదు, వెనకాల నాలుగు డబ్బులో ఇంకో ఆదాయమో ఉన్నవాడికి సులువుగా వస్తుంది. ప్రభుత్వమైతే ఈ శ్లోకం ఎత్తనే కూడదు. కంది ధర ఫలానా తేదీకి ఫలానా అంకెకు పడుతుందని 2016లో ఎవరూ చెప్పలేరు. కానీ గాలి ఎటు వీస్తోందో సెప్టెంబరుకే తెలిసింది. అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ ఆధ్వర్యంలోని సంఘం, వెంటనే పెద్ద ఎత్తున కొనుగోళ్ళకు దిగాలని, ఎగుమతి నిషేధం తీసెయ్యాలని ఆ నెలలోనే చెప్పింది. నిషేధం తీసింది 2017 సెప్టెంబరులో. పంట అమ్ముడైపోయాక. గీత మూడో అధ్యాయం లోకసంగ్రహం గురించి, అంటే లోకం చెదరకుండా చూసుకోవడం గురించి చెబుతూ, తెలిసినవాడు ఆశ ఉన్నవాడు ఎంత పట్టుదలగా పనిచేస్తాడో అంత పట్టుదలగానూ చెయ్యాలంటుంది. ఫైలు ఏడాది పాటు కదలకపోవడానికి అనాసక్తి అని పేరు పెట్టడం కుదరదు.

ఇదంతా చదివినవాళ్ళు, మరి రైతు ఏం చెయ్యాలి అని అడగవచ్చు. తెలంగాణ నల్లరేగళ్ళలో చాలాకాలంగా ఒక అలవాటు ఉంది. పత్తి పెట్టినప్పుడు ఆరు సాళ్ళకు ఒక సాలు, కొన్నిచోట్ల నాలుగుకొకటి, కంది వేస్తారు. ఒక్క పత్తే వేసినప్పుడు కలిసొచ్చిన ఏడాది వచ్చేంత డబ్బు దీంట్లో రాదు. పత్తికి పురుగు పట్టినా, ధర పోయినా కంది ఉంటుంది. కంది ధర పడిపోయినా ఇంట్లోకి పప్పు ఉంటుంది. ఈ ఏడాది రెంటిలో ఏది గెలుస్తుందని ఆ రైతును అడిగితే, నాకేం తెలుసంటాడు. సాళ్ళు మాత్రం వంకర పోకుండా తోలుతాడు.